బ్రేకు పైపుకు పసుపు బొట్టు

పాత కారు కొన్నవాడికి ఊళ్లో సలహాలు చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. బ్రేకు పైపులు తుప్పు పట్టినయ్, మార్పించు అంటాడొకడు. పనిలో పనిగా వీల్ సిలిండర్లు కూడా చూపించు అంటాడు ఇంకొకడు. వీళ్లంతా మన జేబు మీద కన్నేసినవాళ్లే. మా ఏపీ 25 నంబరు మారుతి 800కు నేనే స్వయంగా బ్రేకు పైపు వేసుకున్నాను. ఖర్చు నూట ఎనభై రూపాయలు. అందులో అరవై చాయ్, సమోసా. ఆ అనుభవంతో నిజామాబాద్, బోధన్ వాహన యజమానుల మేలు కోరి ఈ చిట్కాలు రాస్తున్నాను. కత్తిరించి డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోండి. ఆర్సీ, ఇన్సూరెన్స్ కాగితాలు ఎలాగూ అక్కడ లేవు కాబట్టి జాగా ఉంటుంది.

బండి చరిత్ర ఒక్క ముక్కలో: బోధన్ షుగర్ ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. ఆయన బండితో పాటు ఎర్ర అట్ట నోటుబుక్కు ఒకటి ఇచ్చాడు. ఏ తేదీన బ్రేకాయిల్ మార్చిందీ, ఏ చక్రానికి రబ్బరు పైపు వేసిందీ, రెండేళ్లకోసారి తప్పకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. పాపం, రిటైరయ్యాక పొద్దుపోక రాసుకున్నాడు. ఆ పుస్తకం నాకు ఎంత పనికొచ్చిందో ముందుముందు చెబుతాను.

1. కిందికి వంగి చూడకండి.

సగం రోగాలు చూడటం వల్లే వస్తాయి. బానెట్ కింద తెల్ల డబ్బాలో బ్రేకాయిల్ తగ్గితే పోయండి. ఎక్కడికి పోతోందని ఆరా తీయకండి. డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగితే దాని మీద దేవుడి స్టిక్కర్ అతికించండి. వెనక నుంచి వెలుగు తగిలి స్వామి ధగధగలాడతాడు, ఎక్కినవాళ్లు దండం పెట్టుకుంటారు. వాళ్లు ఎలాగూ పెట్టుకోవాల్సినవాళ్లే.

వెనక చక్రం లోపలి వైపు తడి కనిపిస్తే కుక్క పని అనండి. మన వీధుల్లో ఈ మాట నమ్మనివాడు లేడు. తడిలో వేలు పెట్టి, జిడ్డుగా ఉందే అని తేల్చే తెలివిమంతుడు ఎవడైనా తగిలితే, "కుక్క పోసిందాంట్ల ఏలెందుకు వెట్టినవన్నా?" అని మీరే ఎదురడగండి. వాడు చేయి కడుక్కోవడానికి పోతాడు. మీరు బండి తీసుకుని పోవచ్చు.

2. కారే చక్రాన్ని లెక్కలోంచి తీసేయండి.

కొత్త పైపు దాకా పోకుండానే పని ముగించే ఉపాయం ఇది, అందుకే ముందు చెబుతున్నాను. కారుతున్న పైపును మధ్యలో మడిచి, సుత్తితో రెండు దెబ్బలు వేసి చదును చేయండి. ఆ చక్రానికి ఇక ఆయిల్ పోదు, పోనిది కారదు. మిగిలినవి మూడు. ఆటోకు మొత్తం ఉన్నవే మూడు. అది ఖలీల్‌వాడి సందుల్లో ఎనిమిది మందిని ఎక్కించుకుని తిరగడం లేదా? బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు గుంజుతుంది. గుంజిన వైపే పోండి. అటు కూడా ఏదో పని ఉంటుంది.

మారుతిలో మాస్టర్ సిలిండర్‌కు రెండు గదులుంటాయి, ఒక లైను పోయినా రెండోది కొంతైనా పట్టేలా. ప్రాణం కాపాడటానికి పెట్టామని కంపెనీవాళ్లు చెప్పుకుంటారు. మనం ఇంకో ఆరు నెలలు షెడ్డు ముఖం చూడకుండా ఉండటానికి పెట్టారని నా అవగాహన. ఒకే గది ఉండే పాతకాలం అంబాసడర్లకు ఈ భాగ్యం లేదు. ఒక్క పైపు పగిలిందా, నాలుగు చక్రాలూ పోయినట్టే. ఆ బండ్లవాళ్ల మీద నాకు చాలా జాలి. వాళ్ల ముందు నడపడం మాత్రం మానుకున్నాను.

తుప్పు గురించి కూడా బెంగ వద్దు. శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన బోధన్ షుగర్ ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్నది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. అప్పటి నుంచి అక్కడి పైపుల్లో చెరకు రసం లీకైందని ఎవరైనా ఫిర్యాదు చేశారా? లోపల ఏమీ పారకపోతే ఏ పైపూ కారదు. ఈ సూత్రం పెద్దాయన నోటుబుక్కులో లేదు.

3. పైపు ఎంచుకునేటప్పుడు ధర ఒక్కటే చూడండి.

పుస్తకాలు చదివినవాళ్లు ఇలా చెబుతారు: రెండు పొరలు చుట్టి అతికిన ఉక్కు గొట్టం కావాలి, బయటి కొలత 4.75 మిల్లీమీటర్లు. తుప్పు బాధ వద్దనుకుంటే 90 పాళ్లు రాగి, 10 పాళ్లు నికెల్ కలిసిన గొట్టం. వినండి, తల ఊపండి, తర్వాత పాత ఫ్రిజ్‌లు బాగుచేసే కొట్టుకు పోండి. అక్కడ మెత్తటి రాగి పైపు చుట్టలు చుట్టి వేలాడుతుంటుంది. చేత్తో వంగుతుంది, బంగారంలా మెరుస్తుంది. ఉత్త రాగి బండి అదురుకు రోజురోజుకూ గట్టిపడి, పెళుసెక్కి ఓ రోజు చిట్లుతుందని ఒక మిస్త్రీ నాతో వాదించాడు. ఏ రోజని అడిగాను. తేదీ చెప్పలేకపోయాడు. తేదీ లేని జోస్యం నేను నమ్మను.

రాగి కూడా దండగ అనుకునేవాళ్లకు మన చెరకు పొలాల గట్ల మీద దివ్యమైన సరుకు పడి ఉంటుంది: డ్రిప్ లేటరల్. నల్లగా ఉంటుంది కాబట్టి కారు కింద కనపడదు. లావు 16 మిల్లీమీటర్లు, అంటే ఆయిల్ ఎక్కువ పడుతుంది. ఎక్కువ ఆయిల్ ఉంటే ఎక్కువ బ్రేకు, ఇంతకంటే లెక్క ఏముంది? దీన్ని చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి కోసం చేశారట. గట్టిగా బ్రేకు తొక్కితే లైనులో ఒత్తిడి 70 కిలోలు దాటుతుందట. అంటే తేడా ఒక్క పసుపు బస్తా. మన మార్కెట్ యార్డులో హమాలీ ఒక్కడే వీపు మీద వేసుకుని నడుస్తాడు.

చక్రం దగ్గర ఉండే రబ్బరు పైపును అసలు ముట్టుకోకండి. పైన బీటలు కనిపిస్తే నల్ల బూట్ పాలిష్ రాయండి. లోపల రబ్బరు ఉబ్బి దారి మూసుకుపోతే ఆయిల్ ముందుకు పోతుంది గానీ వెనక్కి రాదు, కాలు తీసినా బ్రేకు పట్టే ఉంటుంది, చక్రం కాలుతుంది. దీన్ని లోపం అనేవాళ్లున్నారు. బ్రేకు పట్టడం లేదని ఊరంతా ఏడుస్తుంటే, పట్టిన బ్రేకును వదిలించుకోవడమా?

4. కొలతలు కళ్లతో తీసుకోండి.

పాత పైపు విప్పి, పక్కన కొత్తది పెట్టి, వంపుకు వంపు సరిచూసి వంచమంటారు. పాతది విప్పాలంటే నట్టు విప్పాలి. ఆ నట్టు నా పెళ్లి కంటే ముందుది. దానికి వేరే పానా ఉంటుంది, నట్టును దాదాపు చుట్టూ పట్టుకుంటుంది. మీరు మామూలు పానాతో రెండు మూలలు పట్టి గుంజండి. జారుతుంది. మళ్లీ గుంజండి. నట్టు లడ్డూలా గుండ్రంగా అయ్యాక ప్లయర్‌తో పని తేలిక అనిపిస్తుంది, కాదు. అప్పుడు రంపంతో కోసేయండి.

పొడవు ఎక్కువైతే మిగిలిన పైపును సైలెన్సర్ గొట్టానికి చుట్టండి, చలికాలంలో ఆయిల్ వెచ్చగా ఉంటుంది. పైపును బాడీకి పట్టి ఉంచే క్లిప్పులు పారేసి బైండింగ్ వైరుతో కట్టండి. పైపు ఇనుముకు రాసుకుని కిచకిచమంటే టేప్ రికార్డర్ సౌండు పెంచండి. స్టీరింగ్‌ను ఇటు చివరికి, అటు చివరికి తిప్పి, పైపు టైరుకు తగులుతోందా, బిగుసుకుంటోందా చూడమని కూడా చెబుతారు. రోడ్డెక్కాక ఎలాగూ తిప్పుతాం కదా, రెండుసార్లు తిప్పడం ఎందుకు?

5. పైపు మూతికి ముద్దు చేయకండి.

ఈ పనిలో మర్మమంతా పైపు మూతిలోనే ఉందని మిస్త్రీలు మనల్ని భయపెడతారు. మూతిని గంటలా విప్పి, మళ్లీ లోపలికి మడవాలట. ఆ రెండు పొరల అంచు నట్టు బిగువుకు నలిగి చుక్క బయటికి రాకుండా మూస్తుందట. దానికో పరికరం, ఆ పరికరానికో అద్దె. మీరు స్క్రూడ్రైవర్ మూతిలో దూర్చి గుండ్రంగా తిప్పండి. అంచు చీలితే పూవు విచ్చుకున్నట్టుంటుంది, అందంగానే ఉంటుంది. చీలిక మీద టెఫ్లాన్ టేపు, టేపు మీద ఎం-సీల్. నల్లా కారితే ఇదే కదా వేస్తాం.

నట్టు ఏదైనా ఒకటే. మారుతి నట్టు మిల్లీమీటర్ల చుట్లది, పది మిల్లీమీటర్లు. అంబాసడర్‌ది అంగుళాల చుట్లది, అంగుళంలో ఎనిమిదో వంతులు మూడు, అంటే తొమ్మిదిన్నర. కబాడీలో దొరికిన అంబాసడర్ నట్టు మారుతిలో వేస్తే కాస్త ఊగుతుంది, రెండు చుట్లు తిరిగి ఆగుతుంది. ఆగింది కాబట్టి బిగిసింది. బిగిసింది కాబట్టి సరిపోయింది.

6. బ్రేకాయిల్: పాతది పారేయకండి.

కౌంటర్ మీది కుర్రాడు "ఏ డాట్ కావాలన్నా?" అని అడుగుతాడు. "ఇంట్ల ఉంది తమ్మీ" అనండి. మూడేళ్ల కింద మూత తీసిన సీసా మీ అటక మీద ఉండనే ఉంటుంది. బ్రేకాయిల్ గాలిలోని తేమ తాగుతుందని, కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకుండా ఆగితే, తేమ పట్టినదానికి ఆ హామీ 140 డిగ్రీలకే దిగిపోతుందని లెక్కలు చెబుతారు. ఆర్మూర్ సిద్ధుల గుట్ట ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే ఆ మరుగు ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఆయిల్ ఆవిరైతే పెడల్ కింద ఏమీ ఉండదు. నవనాథులు తపస్సు చేసిన గుట్ట అంటారు. దిగేలోపు మీకూ కొంత వైరాగ్యం వస్తుంది.

సీసా చాలకపోతే ఇంజన్ ఆయిల్ కలపండి. లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బుతాయి. ఉబ్బితే దారి మూసుకుంటుంది, లీకు తగ్గుతుంది. ఒలికిన బ్రేకాయిల్ బానెట్ మీద పడితే తుడవకండి, రంగు దానంతటదే లేచొస్తుంది. పాత గీతలు పోతాయి.

7. గాలి తీయడం: బామ్మర్దిని పిలవండి.

ఇది ఇద్దరి పని. ఒకరు కింద పడుకుని చక్రం దగ్గరి చిన్న నట్టు వదులు చేయాలి, ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి. కాలు తీసే ముందే కింద నట్టు మూయాలి, లేకపోతే బయటి గాలి లోపలికి పోతుంది. ద్రవం నలగదు, గాలి నలుగుతుంది. బుడగ ఉంటే మీ కాలి బలమంతా బుడగను పిసకడానికే సరిపోతుంది. ఇదంతా పాస్కల్ కాలం నుంచి ఉన్న గొడవ. మనకు పాస్కల్ అక్కర్లేదు, బామ్మర్ది ఉన్నాడు.

మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో, అంటే ఎడమ వెనకదానితో మొదలుపెట్టమని పద్ధతి. వెనక చక్రం కాలువ చివరి ఆయకట్టు రైతులాంటిది, దానికి అందితేనే అందరికీ అందినట్టు. కానీ మన దగ్గర నిజాంసాగర్ 1931లో పూర్తయిన నాటి నుంచి చివరి రైతు ఎదురుచూస్తూనే ఉన్నాడు, మన వెనక చక్రం కూడా చూస్తుంది. చింతచెట్టు నీడ ఏ చక్రం మీద పడితే ఆ చక్రంతో మొదలుపెట్టండి.

మా పని ఇలా సాగింది. నేను కింద, వాడు సీట్లో, వాడి చేతిలో ఫోను.

"తొక్కు."

"తొక్కిన బావా."

"పట్టుకో."

"ఏం పట్టుకోవాలె?"

"పెడల్‌ రా!"

"విడిసిన కదా బావా, నువ్వు పట్టుకో అంటే స్టీరింగ్ పట్టుకున్న."

అప్పటికి ఆయిల్ నా మోచేతి మీదుగా చంకలోకి చేరింది. నోటుబుక్కు విలువ అప్పుడే తెలిసింది. మంచి బాండు కాగితం, ఆయిల్ బాగా పీలుస్తుంది. 1998 నుంచి 2004 దాకా చించి తుడుచుకున్నాను. నాలుగు చక్రాలకు పట్టాల్సిన పని రెండింటితోనే ముగిసింది, ఎందుకంటే నీడ జరిగింది. బామ్మర్ది పెడల్ తొక్కి చూసి "మెత్తగున్నది బావా, పరుపు లెక్క" అన్నాడు. మెత్తగా ఉంటే కాలికి సుఖం. ఒక్కసారి తొక్కితే పట్టకపోవచ్చు. మూడుసార్లు గబగబా తొక్కితే పడుతుంది. ఎవరికైనా చూపించే ముందు ఆ మూడూ తొక్కి ఉంచండి, నాలుగోది రాయిలా ఉంటుంది.

8. పసుపు బొట్టు.

రేడియేటర్ కారితే పసుపు పొడి వేసి నడిపే తాతల ఊరు మనది. అదే నమ్మకంతో బ్రేకు పైపుకు కూడా పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టండి. కారు ముందుకు కదిలి నిమ్మకాయలు చితికితే బండి నడుస్తుందని అర్థం. ఆగుతుందా లేదా అనే పరీక్ష పూజలో లేదు.

9. రోడ్డు పరీక్ష బోధన్ రోడ్డు మీదే పెట్టుకోండి.

ఖాళీ గ్రౌండులో మెల్లగా నడిపి చూసేవాళ్లు పిరికివాళ్లు. నేను నవంబర్‌లో, రాత్రి ఏడు దాటాక, జానకంపేట దాటి ఎడపల్లి వైపు పోయాను. ముందు చెరకు ట్రాలీ. వెనక లైటు లేదు, రేడియం స్టిక్కర్ లేదు. బయటికి వేలాడే చెరకు ఆకులు రోడ్డును ఊడుస్తూ పోతున్నాయి. నా వేగం 60. ట్రాలీ ఆగింది.

మూడుసార్లు తొక్కితే పడుతుందని చెప్పానుగా. మూడు తొక్కులకు మూడు సెకన్లు. 60 వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు, అంటే 50 మీటర్లు. ట్రాలీ 30 మీటర్లలో ఉంది. మొదటి తొక్కుకు పెడల్ నేలకు తగిలింది, రెండో తొక్కుకు ఎం-సీల్ ఊడింది. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకే పడుతుంది, మాది వాటికి కూడా పడదు. స్టీరింగ్ ఎడమకు తిప్పాను. అక్కడ, దేవుడున్నాడు, రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. పట్టా, పట్టా చుట్టూ రాళ్లు, రాళ్ల లోపల వడ్ల కుప్ప. కారు కుప్పలో తలుపు దాకా దిగి, మెత్తగా, ఒక్క కుదుపు లేకుండా ఆగింది. వైపర్ల మీద కూడా వడ్లు.

కుప్ప పక్కన మంచం మీద పడుకున్న రైతు లేచి టార్చి వేసి చూశాడు. "ఏంది సార్, తేమ శాతం సూడనీకి వచ్చినవా?" అన్నాడు. బ్రేకాయిల్ తగిలిన రెండు బస్తాల వడ్లకు డబ్బులు కట్టించుకున్నాడు. అది ఖర్చు కింద రాదు, అది దారి ఖర్చు.

కారును ఆపడమే కదా బ్రేకు పని? ఆగింది. ఈ పద్ధతి నమ్ముకునేవాళ్లు కోతల కాలంలోనే బయటికి తీయండి: వానాకాలం పంటకు అక్టోబర్, నవంబర్, యాసంగికి ఏప్రిల్, మే. మిగతా నెలల్లో రోడ్లు ఖాళీగా ఉంటాయి, ప్రమాదం.

10. అడిగినవాళ్లకు చెప్పాల్సినవి.

ఇంట్లో: "అడ్డంగా బర్రె వచ్చింది." పోలీసుకు: "ఇప్పుడే షెడ్డు నుంచి తెస్తున్న సార్." ఇన్సూరెన్స్ సర్వేయరుకు: "బ్రేకు పైపు కొత్తదే", ఇది నిజం కూడా. పదిహేనేళ్లు దాటిన కారుకు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి కాబట్టి, బండి చూసే అధికారి దగ్గరకు పోయే ముందు ఏడో చిట్కాలోని మూడు తొక్కులు మరిచిపోకండి. మిస్త్రీకి మాత్రం ఏమీ చెప్పకండి. వాడు ఒక్కసారి కిందికి వంగితే మీ తెలివంతా చూసేస్తాడు.

మా బండి ఇప్పుడు అమ్మకానికి ఉంది. రంగు కొంత లేచింది, లోపల అక్కడక్కడ వడ్లు మొలకెత్తాయి, మిగతాదంతా ఒరిజినల్. ఎర్ర అట్ట నోటుబుక్కు కూడా ఇస్తాను, 2005 నుంచి పేజీలున్నాయి. ఆసక్తి ఉన్నవాళ్లు పగటిపూట రండి. టెస్ట్ డ్రైవ్ ఎక్కుడు రోడ్డు మీదే ఇస్తాను. దిగేటప్పుడు నడుచుకుంటూ వద్దాం.